గైరాన్ డైరీ: రోహిణి కార్తె నుంచి సంక్రాంతి దాకా

రోహిణి కార్తె, 2025 మే చివర

ముందు పని ఏమిటో చెప్పేస్తాను. హైదరాబాద్ నుంచి చేవెళ్ల మర్రిచెట్ల రోడ్డు పట్టుకుని పరిగి వైపు పోతే, మన్నెగూడ దాటాక మా అమ్మమ్మ వాళ్ల ఊరు. ఊరికి నూటముప్పై ఎకరాల గైరాన్, అంటే ఊరి ఉమ్మడి మేతభూమి, ఉంది. ఎర్ర చెల్క, రాతిబోడు, అక్కడక్కడా రేగు, మోదుగ, నల్లతుమ్మ, వాలులో ఒక చిన్న కుంట. ఊళ్లోని అరవై దాకా ఆవులు, ఎద్దులు, దూడలకు ఇదే మేత. జింకలు, గుంటనక్కలు, చెవులపిల్లులు, కౌజుపిట్టలు, అప్పుడప్పుడు వచ్చిపోయే తోడేలు కూడా దీని మీదే బతుకుతున్నాయి. ఈ రెండు వర్గాలకూ ఒకే గడ్డి సరిపోవాలి, పశువును మేపిన ఇంటికి నాలుగు రూపాయలు మిగలాలి, మేపిన కాపరికి జీతం ముట్టాలి. ఇందుకు ఒక పద్ధతి నిలబెట్టడమే ఈ ప్రాజెక్టు. ఊరి పాడి సంఘం, ఇద్దరు కాపరులు, సెలవు రోజుల్లో అత్తాపూర్ నుంచి వచ్చే నేను. ఉన్న మనుషులం ఇంతే.

కాగితాల సంగతి ముందు చూశాం. రెవెన్యూ రికార్డులో ఇది గైరాన్. దేశపు బంజరు భూముల అట్లాస్‌లో మాత్రం ఇలాంటి పొదల నేలలు బంజరు కిందికే వస్తాయి. ఆ అట్లాస్ తయారయ్యేది మన బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రంలోనే. 2019 సంచిక ప్రకారం దేశ విస్తీర్ణంలో దాదాపు 17 శాతం బంజరు. ఆ జాబితాలో చేరిన నేల మీద అందరి కన్నూ పడుతుంది. ప్లాట్లకు అడుగుతారు, సోలార్ పలకలకు అడుగుతారు, ఏదీ కాకపోతే గుంతలు తవ్వి వరుసగా చెట్లు నాటుతారు. గడ్డినేలను చెట్లతో కప్పేస్తే నీడకు గడ్డి పోతుంది, గడ్డితో పాటు దాన్ని నమ్ముకున్న జింకా పిట్టా పోతాయి. ఈ మార్చి, ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల గురించి నగరమంతా మాట్లాడింది, చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఆపించింది. మా గైరాన్ లాంటివి జిల్లా జిల్లాకూ ఉన్నాయి. వాటి గురించి మాట్లాడేవాళ్లు కావాలి.

ఈసారి రుతుపవనాలు మే 24నే కేరళను తాకాయి. రోహిణి ఎండల్లో రాళ్లు పగలాల్సిన రోజుల్లో ఇక్కడ మట్టి తడిసింది. గరిక అప్పుడే పచ్చబడుతోంది. ఊళ్లో అందరికీ సంతోషమే, పెద్ద కాపరికి తప్ప. ఊరంతా ఆయన్ని కాక అని పిలుస్తారు, నేనూ అంతే. "ఇప్పుడు లేసిన గడ్డిని పసులు కొరికితె, మళ్ల వాన దాక అది లేవది బిడ్డా. పసుల్ని ఇండ్లల్ల కట్టెయ్యమను" అన్నాడు. సంఘం ఒప్పుకుంది. మిగిలిన జొన్న చొప్ప, వరిగడ్డి వేసి పశువులను ఇంటి దగ్గరే ఉంచారు. గాలికుంటు టీకాలు ఈ సందులోనే వేయించేశాం. ఆ జబ్బు మంద నుంచి జింకలకు, దుప్పులకు కూడా అంటుతుంది కాబట్టి మా పద్ధతిలో ఇది మొదటి పని.

మృగశిర, ఆరుద్ర

కాక చెప్పిందే అయింది. జూన్‌లో వాన ముఖం చాటేసింది. పక్క ఊరి గైరాన్ మీద మొలిచిన గడ్డిని మొలిచినట్టే మేకలు, ఆవులు కొరికేశాయి, నేల మళ్లీ ఎర్రగా బయటపడింది. మా దగ్గర గడ్డి వాడింది కానీ కుదురు చావలేదు.

ఈ వ్యవధిలో లెక్క వేశాం. లెక్క లేకుండా పశువుకూ జింకకూ పంచడం మాటల్లోనే జరుగుతుంది. పోయిన ఏడాది వానకాలం చివర్లో పీవీసీ పైపుతో ఒక మీటరు చదరపు చట్రం చేసి, గైరాన్ మీద అక్కడక్కడా పడేసి, లోపలి గడ్డిని కొడవలితో కోసి, ఎండబెట్టి తూచాం. రాతిబోడు మీద గుప్పెడు, కుంట వాలులో మోపెడు, సగటు తీస్తే చదరపు మీటరుకు నూటయాభై గ్రాములు. అంటే హెక్టారుకు టన్నున్నర. నూటముప్పై ఎకరాలంటే 52 హెక్టార్ల చిల్లర, మొత్తం 78 టన్నుల ఎండుగడ్డి. అందులో సగమే పశువుది. ఆకులో సగానికి మించి కొరికిస్తే గడ్డి వేరు ఎదగడం ఆపేస్తుంది. మిగిలిన సగం వేరుకు, విత్తనానికి, జింకకు, చెదలకు, వానకు కొట్టుకుపోని మట్టికి. కాబట్టి మంద వాటా 39 టన్నులు.

ఇక మంద ఆకలి. రెండున్నర క్వింటాళ్ల నాటు ఆవు రోజుకు తన బరువులో రెండున్నర శాతం దాకా ఎండుమేత తింటుంది. దూడలనూ కలుపుకుని తలకు ఆరు కిలోలు వేసుకున్నాం. అరవై తలలు, నాలుగు నెలల మేపు: 43 టన్నులు. నాలుగు టన్నుల లోటు. దీన్ని గైరాన్ నుంచే తీయాలనుకుంటే అది జింకల వాటా నుంచి వస్తుంది. అందుకే సంఘంలో ఇరవై ఇళ్లవాళ్లు తమ పొలం గట్ల మీద స్టైలో అనే మేత మొక్క, గట్టు పక్క సాళ్లలో మేత జొన్న వేయడానికి ఒప్పుకున్నారు. జెర్సీ సంకరాలు ఉన్న ఇళ్లు వాటిని ఇక గైరాన్‌కు తోలవు. అవి ఎండలో నడవలేవు, తిండి ఎక్కువ, నేపియర్ గడ్డితో కొట్టంలోనే పెంచడం వాటికీ మంచిది, నేలకూ మంచిది. గైరాన్ నాటు పశువులకే.

పునర్వసు, పుష్యమి

వానలు అందుకున్నాయి. గైరాన్‌ను ఐదు తుకడాలు చేశాం. కంచె లేదు, తీగ లేదు. హద్దులన్నీ కాక చూపించినవే: వాగు, రెండు మోదుగుల వరుస, పెద్ద గుండు, పాత బండ్లబాట, కుంట కట్ట. నియమం కూడా ఆయన నోటిదే. గడ్డి పిడికిలి ఎత్తుకు దిగగానే ఆ తుకడా విడిచి పక్కదానికి పోవాలి. మళ్లీ మోకాలి దాకా లేచేవరకు అందులో అడుగు పెట్టకూడదు. ఐదోదాన్ని, అంటే కుంట ఎగువ తుకడాను, విత్తనం రాలేదాకా ముట్టుకోం. జింకపిల్లలు పుట్టిన కొత్తలో తల్లి వెంట తిరగవు, ఎత్తు గడ్డిలో కదలకుండా పడుకుంటాయి. వాటికి ఆ ఒక్క చోటైనా ఉండాలి.

గడ్డి కంటే ముందు నేను తంగేడును చూడటం నేర్చుకున్నాను. మన రాష్ట్ర పుష్పం, బతుకమ్మకు తొలి పువ్వు. పశువు దాన్ని తినదు. అందుకని మేపు మితిమీరిన చోట తక్కినవన్నీ పోయి తంగేడు ఒక్కటే గుబురుగా నిలుస్తుంది. మా రెండో తుకడా అట్లాగే ఉంది. దూరం నుంచి చూస్తే పచ్చగా, నిండుగా ఉంటుంది. దగ్గరికి వెళ్లి పొదల మధ్య చూస్తే గట్టిపడ్డ నేల, అరిగిన రాయి, నడుమ నడుమ వయ్యారిభామ. అక్కడ ఈ ఏడాది మేపు లేదు. తంగేడు పొదల నీడన అంజన్ గడ్డి విత్తనం పేడతో, మట్టితో ఉండలు చేసి చల్లాం. పొదలు కొట్టేయమని కొందరన్నారు. వద్దన్నాను. ఆ కొమ్మలే లేత గడ్డికి మొదటి ఏడాది కాపలా.

పిట్టల గూళ్ల విషయంలో చిన్న కాపరి కన్ను గొప్పది. తీతువు గులకరాళ్ల మధ్య గూడంటూ కట్టకుండా నేల మీదే గుడ్లు పెడుతుంది. గుడ్డూ రాయీ ఒకే రంగు, ఒకే మచ్చలు. నేను రెండడుగుల దూరంలో నిలబడి కూడా చూడలేకపోయాను. అతను పిట్ట అరుపు తీరును బట్టి ఎటు నడవకూడదో చెబుతాడు. అరుపు పెరిగితే దగ్గరవుతున్నట్టు, పిట్ట రెక్క ఈడుస్తూ పక్కకు పరిగెడితే గూడు వెనక ఉన్నట్టు. గూడు కనిపించిన చోట చుట్టూ రేగు కంప నాలుగు కొమ్మలు పెడతాడు, మంద తప్పుకుని పోతుంది. పొదుగుడు అయ్యాక కంప తీసేస్తాడు. దీనికి సంఘం అతనికి విడిగా కొంత ఇస్తోంది. అడవి జంతువును చూసి పెట్టడం కాపరి ఉచితంగా చేయాల్సిన సేవ అని నేను అనుకోను. అది నైపుణ్యం, దానికి కూలి ఉండాలి.

మఖ, పుబ్బ: మందుల సంచి

ఈ రెండు కార్తెల్లో నాకు ఎక్కువ పని పడింది పేడ దగ్గర.

వాన వెలిసిన పొద్దున ఆవు పేడ వేసిన నిమిషాల్లోనే పేడపురుగులు వాలతాయి. కొన్ని పేడలోనే దూరతాయి, కొన్ని కిందికి సొరంగం తవ్వి పేడను లాక్కుపోతాయి, కొన్ని ఉండ చేసి వెనక కాళ్లతో దొర్లించుకుపోతాయి. ఎర్ర చెల్కలో వేలు పట్టేంత బొరియలు, వాటి అంచున తాజాగా తవ్విపోసిన మట్టి. రెండు రోజులయ్యేసరికి పేడ చోట పలచని పొర, దాని కింద జల్లెడలా నేల. ఆ బొరియల్లోంచే వాన లోపలికి ఇంకుతుంది. ఆ పురుగులనే పాలపిట్ట, గుంటనక్క తింటాయి. పేడ నేల మీద ఎండకుండా లోపలికి పోవడం వల్ల ఈగలూ తగ్గుతాయి.

ఒక ఇంటివాళ్లు పిడుదులకు ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ వేయించి మూడో రోజే ఆవులను మందలోకి తోలారు. ఆ ఆవుల పేడను నేను గుర్తుపెట్టుకుని చూస్తూ వచ్చాను. పైన పెంకు కట్టి అట్లాగే ఎండిపోయింది, పక్క ఆవు పేడ అప్పటికే మాయమైంది. ఐవర్‌మెక్టిన్ ఒంట్లోంచి ఎక్కువగా పేడలోనే బయటికి వస్తుంది, పేడపురుగు పిల్లలను చంపుతుంది. మండల పశువైద్యుడితో కూర్చుని పద్ధతి మార్చాం. కడుపులో పురుగులకు ఫెన్‌బెండజోల్, పేడపురుగులకు దానితో హాని తక్కువ. అది కూడా ఊరందరికీ ఒకేసారి కాదు, పేడ పరీక్షలో గుడ్లు కనిపించిన పశువుకే. ఐవర్‌మెక్టిన్ తప్పనిసరైతే ఆ పశువును రెండు వారాలు కొట్టంలో కట్టేసి, పేడ పెంటకుప్పలో వేయాలి, గైరాన్ మీద పడకూడదు. పిడుదులకు ముందుగా చేత్తో ఏరడం, కొట్టం గోడల పగుళ్లు సున్నంతో పూడ్చడం. కొంగలూ గోరింకలూ మిగతా సాయం చేస్తాయి.

రెండో మందు నొప్పిది. జ్వరమొచ్చిన ఆవుకు డైక్లోఫెనాక్ వేస్తే, ఆ ఆవు చనిపోతే, ఆ కళేబరాన్ని తిన్న రాబందు మూత్రపిండాలు పాడై చస్తుంది. 1990ల నుంచి మన దేశంలో మూడు రకాల రాబందులు 95 శాతానికి పైగా పోయాయి. 2006లో పశువులకు డైక్లోఫెనాక్ నిషేధించారు. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా ఆ జాబితాలో చేరాయి, ఆ తర్వాత నిమెసులైడ్. మెలాక్సికామ్ వాడొచ్చు, రాబందుకు ముప్పు లేదు. మా గైరాన్ మీద ఇప్పుడు రాబందు లేదు. కాక చిన్నప్పుడు చచ్చిన ఎద్దు చుట్టూ గుంపులుగా దిగేవట. తెలంగాణలో ఆసిఫాబాద్ అడవుల్లోని కొండచరియల మీద అవి కనిపించాయి, మన నెహ్రూ జూ పార్కులో వాటిని పెంచి పిల్లలు చేయించే కేంద్రం ఉంది. ఎప్పుడైనా ఒకటి ఇటు ఎగిరొస్తే మా ఊరి కళేబరంలో విషం ఉండకూడదు. ఊళ్లో ప్రైవేటుగా సూదులు వేసే ఇద్దరినీ పిలిచి మాట్లాడాం. సంఘం డబ్బుతో మెలాక్సికామ్ సీసాలు తెచ్చి పాలకేంద్రంలో ఉంచాం. చౌకగా, దగ్గరలో మంచి మందు ఉంటే ఎవరూ వేరేది వెతకరు.

ఉత్తర, హస్త

ఎడతెగని వానలు. సెప్టెంబర్ చివర మూసీ పొంగి ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకి నీళ్లు వచ్చిన వారం నేను అత్తాపూర్‌లోనే చిక్కుకుపోయాను. ఆ మూసీ పుట్టేది మా పక్కనే, అనంతగిరి కొండల్లో. ఎగువన ఎర్ర చెల్క గడ్డి కప్పుకుని ఉంటే వాన నింపాదిగా దిగుతుంది, బోడిగా ఉంటే ఒక్కపెట్టున దిగుతుంది. నగరం దీన్ని పల్లె సంగతి అనుకోవడానికి వీల్లేదు.

కాక ఫోన్‌లో పంపిన ఫోటోల్లో వాగు నీళ్లు మా వైపు తేటగా, పక్క గైరాన్ నుంచి కలిసే కాలువ ఎర్రగా కనిపించాయి.

దసరా నాడు పాలపిట్టను చూడటానికి ఊరివాళ్లు ఏటా చెరువు కట్ట దాకా పోయేవారు. ఈసారి గైరాన్ అంచున కరెంటు తీగ మీదే కనిపించింది. మంద కదిలితే గడ్డిలోంచి మిడతలు లేస్తాయి, అది అందుకు కాచుకుని ఉంది.

స్వాతి

తోడేలు దూడను పట్టింది. మందలోకి రాకుండా బయట మోదుగ కింద ఈనిన ఆవు అది, దూడకు వారం కూడా లేదు. తెల్లవారి చూస్తే సగం మిగిలింది. ఇంటావిడ నేల మీద కూలబడి ఏడ్చింది. ఆమెను నేను వదినె అంటాను. పాలు, దూడ రెండూ పోయినట్టే, ఎందుకంటే దూడ లేకపోతే నాటు ఆవు సేపదు. ఆ కోపంలో ఒకరు కళేబరంలో గుళికల మందు పెడదామన్నారు.

సంఘం ఆ పూటే కూర్చుంది. తోడేలు 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్న జంతువు, చంపితే జైలు. కానీ చట్టం పేరు చెబితే ఆ వదినె బాధ తీరదు. విషం పెడితే ముందు చచ్చేవి నక్కలు, కాకులు, ఊరి కుక్కలు. తోడేలు ఆ రాత్రి రాకపోవచ్చు. ఇదంతా కాక చెప్పాడు, నేను చెప్పలేదు. ఆయనే ఇంకో మాటన్నాడు: "జింకలు పెరిగితె చేన్ల మీద పడ్తయి. తోడేలు ఉంటె జింక ఒక్క తావుల నిలువది." నారాయణపేట జిల్లా కృష్ణా తీరంలో కృష్ణజింకల గుంపులు పంటను మేసేస్తున్నాయని రైతులు ఎంత మొత్తుకుంటున్నారో ఊళ్లో అందరికీ తెలుసు.

ఆ మధ్యాహ్నమే సంఘం నిధి నుంచి దూడ విలువలో సగం ఆమె చేతిలో పెట్టాం. ఫోటోలు, పశువైద్యుడి నివేదిక, పంచనామా జతచేసి అటవీశాఖకు పరిహారం దరఖాస్తు పెట్టించాం. అది వచ్చాక సగం నిధికి తిరిగి జమ. ప్రభుత్వ పరిహారం ఎప్పుడొచ్చినా, మొదటి రూపాయి ఆ రోజే అందాలి. తోడేలు బతకడం ఆ మొదటి రూపాయి మీదే ఆధారపడి ఉంది.

కంచె వేసి కాపాడదాం అనే సలహా హైదరాబాద్ మిత్రుల నుంచి మళ్లీ వచ్చింది. వాళ్లకు రోళ్లపాడు సంగతి చెప్పాను. కర్నూలు వైపు బట్టమేకపిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం 1988లో అభయారణ్యం చేశారు, ఆవరణలు కట్టి పశువులను ఆపారు. లోపల కృష్ణజింకలు బాగా పెరిగి చుట్టుపక్కల పంటల మీద పడ్డాయి, రైతులు విసిగిపోయారు. చుట్టూ నేలంతా సాగు మారిపోయింది. ఏ పిట్ట కోసం అదంతా చేశారో అది అక్కడ కనుమరుగైంది. గడ్డినేల పిట్టకు ఎత్తు గడ్డీ కావాలి, పొట్టి గడ్డీ కావాలి, దాని చుట్టూ కోపం లేని రైతూ కావాలి. వనస్థలిపురం హరిణ వనస్థలిలో గోడ లోపల జింకలు క్షేమంగా ఉన్నాయి, దానికి విలువ ఉంది. కానీ ఊరి గైరాన్‌ను గోడతో కాపాడలేం. మంద నడక మార్చి కాపాడాలి.

విశాఖ కార్తె నుంచి: మంద కట్టడం

కోతలు అయ్యాయి, చేన్లు ఖాళీ. ఇక్కడ అసలు డబ్బు లెక్క మొదలవుతుంది.

కాపరులు ఇద్దరికీ నెలకు పన్నెండున్నర వేల చొప్పున జీతం, మొత్తం ఇరవై ఐదు వేలు. ఇంతకంటే తగ్గితే ఇద్దరూ నార్సింగి, కోకాపేట అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్ పనికి పోతారు, ఊళ్లో అర్ధానికి అర్ధం కుర్రవాళ్లు ఇప్పటికే పోయారు. పశువులున్న ఇళ్లు తలకు నెలకు మూడు వందలు ఇస్తాయి, అది పద్దెనిమిది వేలు. ఏడు వేల లోటు.

మంద కట్టడం మన దగ్గర పాత పద్ధతే. గొర్రెల మందను రాత్రికి చేన్లో ఆపించుకుని రైతు గొల్ల కురుమలకు గింజలో డబ్బో ఇస్తాడు. ఆవుల మందతో అదే మొదలుపెట్టాం. ఆరడుగుల వలను ఇనుప గూటాలకు కట్టి చతురస్రం చేస్తాం, చీకటి పడేసరికి మంద లోపల. రెండు కుక్కలు, మినుకుమినుకుమనే సోలార్ దీపం, కాపరి మంచం. రెండు రాత్రులకు ఒకసారి చతురస్రం పక్కకు జరుగుతుంది. పేడా మూత్రం నేరుగా మట్టిలోకి, ట్రాక్టర్ కిరాయి లేదు, చిమ్మే కూలి లేదు. రాత్రికి ఆరు వందలు. చేవెళ్ల, మొయినాబాద్ వైపు టమాటా, పూలతోటల వాళ్లు పెంట కోసం ఎంతెంత దూరమో తిరుగుతారు, వాళ్లలో కొందరు ఇప్పుడు మంద కోసం వరసలో ఉన్నారు. నెలకు ఇరవై రాత్రులు దొరికితే పన్నెండు వేలు. లోటు పూడి అయిదు వేలు మిగులుతుంది. నవంబర్ నుంచి మే దాకా ఏడు నెలల మిగులు ముప్పై అయిదు వేలు. జూన్ నుంచి అక్టోబర్ దాకా చేన్లలో పంట, మంద కట్టలేం, అయిదు నెలల లోటు కూడా ముప్పై అయిదు వేలే. కాగితం మీద సున్నాకు సున్నా. ఒక్క జబ్బు వస్తే తలకిందులు. అందుకే నాటు ఆవు పాలు హైదరాబాద్‌లో మంచి ధరకు అమ్మే దారి చూస్తున్నాం. ఇంటికి రెండు మూడు లీటర్లే మిగులుతాయి, దూడ తాగాకే పితుకుతారు. రాజేంద్రనగర్, అత్తాపూర్‌లో కొన్ని ఇళ్లు ముందుకొచ్చాయి. సదర్ పండుగకు దున్నపోతులను పూలతో ముస్తాబు చేసి ఊరేగించే నగరం ఇది. పశువు ఎక్కడ, ఏ నేల మీద మేసిందో చెబితే వింటారన్న నమ్మకం నాకుంది.

రాత్రి మందకు ఇంకో లాభం కూడా ఉంది. కెన్యాలోని లైకిపియాలో ఓల్ పెజెటా అనే చోట బోరాన్ ఆవులూ సింహాలూ ఒకే గడ్డినేల మీద బతుకుతాయి. అక్కడా రాత్రికి కదిలే దొడ్లే. దొడ్డి లేచిపోయిన చోట సత్తువైన గడ్డి మొలుస్తుంది, అడవి జంతువులు దానికోసమే వచ్చి మేస్తాయి. ఆ ధైర్యంతో గత మార్చిలో మా రెండో తుకడాలో బోడి నేల మీద కొన్ని రాత్రులు మంద కట్టాం. ఇప్పుడు అక్కడ చతురస్రాలు చతురస్రాలుగా గరిక, అంజన్ గడ్డి. కెమెరాకు రెండు జింకలు అక్కడే మేస్తూ చిక్కాయి.

ఒక ఇబ్బంది కూడా మొలిచింది. సర్కారు తుమ్మ కాయలు ఎండాకాలంలో ఆవులకు తీపి తిండి. గింజ అరగదు, పేడతో వచ్చి మొలుస్తుంది. మంద కట్టిన చోటల్లా పిల్లతుమ్మలు. వేలెడు ఎత్తులో ఉన్నప్పుడే పీకేస్తే పోతాయి. ఒక్క ఏడాది ఆలస్యమైతే గడ్డపార కావాలి. పాడి సంఘం ఆడవాళ్లు ఈ పని పట్టుకున్నారు, కూలి పంచుకున్నారు.

వలస గొర్రెల మందలు కూడా ఇదే సమయానికి వచ్చాయి. 2019 పశుగణన ప్రకారం 1.91 కోట్ల గొర్రెలతో తెలంగాణ దేశంలోనే మొదటి స్థానం. అవి నడిచే దారులు ఈ గైరాన్ల మీదుగానే. గొర్రె ఆవు కంటే కిందికి, నేల అంటా కొరుకుతుంది. పొమ్మనడం అన్యాయం, వాళ్ల తాతల నాటి దారి ఇది. కురుమ పెద్దతో కాక మాట్లాడాడు. మూడో, నాలుగో తుకడాల మీదుగా దారి, కుంట దగ్గర రెండు రాత్రులు, ఐదోది వద్దు. ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. పోతూ పోతూ ఐదో తుకడా అంచున నిలబడి గడ్డి చూసి, "మా నాయిన కాలంల గిట్ల ఉండె" అన్నాడట.

పుష్యమాసం, 2026 జనవరి

ఐదో తుకడాలో విత్తనం రాలింది. చట్రం మళ్లీ వేశాం. అక్కడ పోయిన ఏటి సగటు కంటే స్పష్టంగా బరువు ఎక్కువ, కానీ ఈసారి వానా ఎక్కువే, కాబట్టి మేపు మార్పు వల్ల ఎంత అనేది ఇంకో రెండు వానకాలాలు చూశాకే రాస్తాను. జింకపిల్లలను కెమెరా పట్టింది. తోడేలు స్వాతి తర్వాత రెండుసార్లు దాటిపోయింది, దూడ మీద పడలేదు. తంగేడు తుకడాలో మట్టి ఉండల గడ్డి సగం చోట్ల పట్టింది, రాతిబోడు మీద పట్టలేదు. ఈనిన ఆవు మూడు వారాలు కొట్టం దాటకూడదన్న నియమం ఇప్పుడు అన్ని ఇళ్లూ పాటిస్తున్నాయి. మందకు ఒక పొడ తూర్పు కోడె కావాలని కాక పట్టుదల. అమ్రాబాద్ నల్లమలలో లంబాడీలు, చెంచులు, గొల్లలు పెంచిన ఆ మచ్చల జాతికి 2020లో జాతీయ గుర్తింపు దొరికింది, రాళ్లలో నడవడంలో దానికి సాటి లేదు. మాఘంలో ఆయనే వెళ్లి చూసొస్తానన్నాడు.

ఇంత చేసిన నేల చేతిలో నిలవాలి. ఎన్నికలై కొత్త సర్పంచ్ వచ్చారు. గైరాన్‌లో పన్నెండు ఎకరాలను వేరే అవసరానికి అడుగుతున్నారని వినిపిస్తోంది. ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించి పంచాయతీకి అప్పగించాలని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. 2026ను ఐక్యరాజ్యసమితి మేతభూములు, పశుపోషకుల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది. ఈ రెండూ జతచేసి జనవరి 26 గ్రామసభకు తీర్మానం ముసాయిదా రాశాం. గైరాన్ మొత్తం సర్వే నంబర్లతో సహా ఊరి మేతకూ వన్యప్రాణులకూ ఉమ్మడి నేలగా ఉండాలి. ఏ కొత్త వాడకమైనా గ్రామసభ అనుమతి లేకుండా జరగకూడదు. గుంతలు తవ్వి చెట్లు నాటేటప్పుడు కుంట కట్ట, బాట అంచులే వాడాలి, గడ్డి తుకడాలు కాదు. కాపరుల జీతానికి పంచాయతీ ఏటా కొంత కలపాలి. చివరి వాక్యం మీదే వాదన ఉంటుందని తెలుసు, కానీ అది లేకుండా మిగతావి నడవవు కాబట్టి తీసేయడానికి సంఘం ఒప్పుకోలేదు.

తీర్మానం అయితే నకలు తహశీల్దార్ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఆ తర్వాత నాలుగో తుకడాలో పెద్ద సర్కారు తుమ్మలు తీసే పని. మొదలు కొడితే మళ్లీ చిగురిస్తుంది కాబట్టి వేరు కాండం కలిసే చోటికి కింద తవ్వి తీయాలి, జేసీబీ తేకుండా గడ్డపారలతోనే. కట్టె బొగ్గుకు అమ్మితే కూలి వెళ్లిపోతుందని లెక్క వేశాం.